నీలం ఇంకొంచెం

హేవ్‌లాక్ దీవి, అండమాన్
9 నవంబర్

అక్కకు నందీశ్ నమస్కారాలు.

ఇక్కడ నేను క్షేమం. వానలు వెనక్కి తగ్గాయి, సముద్రం తేటపడింది, టూరిస్టులు దిగుతున్నారు. పొద్దున సిలిండర్లలో గాలి నింపడం, తర్వాత పడవలో పోయి వాళ్ళతో నీళ్ళలో దిగడం, సాయంత్రం సిలిండర్లు కడిగి పెట్టడం. పన్నెండేళ్ళుగా ఇదే పని. అయినా ప్రతి ఉత్తరంలోనూ రాస్తాను, ఎందుకంటే నువ్వు ప్రతి ఉత్తరంలోనూ "అక్కడేం పని చేస్తావురా" అని అడుగుతావు.

ఈసారి కొత్త సంగతి ఉంది. డైవింగ్ షాపు ఓనరు తన పాత కెమెరా నాకిచ్చాడని రాశాను కదా. దానితో నేను తీసిన చేపల ఫోటోలు బెంగళూరు నుంచి వచ్చిన ప్రేమ మేడం చూసింది. ఆమె పుస్తకాలు వేస్తుంది. సొంతూరు మన మాలూరు పక్క మాస్తి. ఇంత దూరంలో మన తెలుగు వినేసరికి నాకు ప్రాణం లేచొచ్చింది. ఈ దీవి చుట్టూ పగడాల మీద తిరిగే రంగు చేపల గురించి ఒక పుస్తకం వేద్దాం, నలభై ఫోటోలూ నీవే ఉండాలి, అంది. మార్చి లోపల రంగులు సరిచేసి ఇవ్వాలి. పుస్తకం బాగా వస్తే నన్ను సిలిండర్ల దగ్గర్నుంచి తీసి ఫోటోల పనికే పెడతానని ఓనరు మాటిచ్చాడు. నలభై ఏడేళ్ళకు నాకు నచ్చిన పని ఒకటి చేతికందేటట్టుంది అక్కా.

చిక్కు నీకు తెలిసిందే. నాకు రంగులు తెలియవన్న సంగతి ఇక్కడ ఎవరికీ చెప్పలేదు. నీళ్ళలో ఉన్నంతసేపు ఆ బాధ లేదు. నలభై అడుగులు దిగితే ఎరుపు ఎవరి కంటికీ ఆనదు, ఎర్రచేప కూడా మట్టిరంగులో ఉంటుంది. అక్కడ అందరూ నాలాంటివాళ్ళే, అందుకే నాకక్కడ హాయి. కెమెరా లైటు పడితే ఆ పోయిన రంగు ఫోటోలో తిరిగొస్తుంది. మిగిలిన హెచ్చుతగ్గులు పైకొచ్చాక కంప్యూటర్‌లో సరిచేయాలి. అక్కడే నా చేతులు ఆగిపోతాయి.

అందుకే ప్రింట్లు పంపుతున్నాను. ఫోన్లో పంపితే ఒక్కో ఫోను ఒక్కో రంగు చూపిస్తుంది. ఒక్కొక్కటి చూసి ఎక్కడ ఏ రంగు ఉంది, ఏది ఎక్కువైంది, ఏది తక్కువైంది రాయి. నువ్వు రాసినట్టే మారుస్తాను. ముప్పై ఏళ్ళు చీరలకు జాకెట్ ముక్కలు కలిపిన కన్ను నీది. ఇంకెవర్నీ అడగలేను.

నీ తమ్ముడు
నందీశ్


రాబర్ట్‌సన్‌పేట, కె.జి.ఎఫ్.
26 నవంబర్

చిరంజీవి తమ్ముడు నందీశ్‌కు అక్క శశికళ దీవెనలు.

నీ చేపలు భద్రంగా చేరాయి. షాపులో కవరు చింపి కౌంటరు మీద పరిస్తే కోడలు తొంగి చూసి, "అత్తా, ఇవి చేపలా, కంచి నుంచి వచ్చిన కొత్త సరుకా?" అనింది. సుమ వచ్చాక షాపులో నవ్వు వినపడుతోంది. మావాడు అంబరీష్ పొద్దున్నే రైలెక్కి మాలూరు ఫ్యాక్టరీకి పోతాడు, ఆ పిల్ల నాతో షాపుకొస్తుంది.

ట్యూబ్‌లైటు కింద రంగు తేల్చేవాళ్ళు మ్యాచింగ్ సెంటర్లో ఎవరూ ఉండరు. చీరా ముక్కా పట్టుకుని గుమ్మం దిగి ఎండలో చూసుకుంటేనే ఆడవాళ్ళకు నమ్మకం. నీ చేపల్ని కూడా అట్లాగే ఒక్కొక్కటిగా రోడ్డు మీదికి తీసుకుపోయి చూశాను. ఎదురంగడి రామాంజినప్ప ఊరుకుంటాడా, "ఏం శశమ్మా, చేపకు జాకెట్టు కుట్టిస్తా ఉండావా?" అన్నాడు.

ఇంక రాసుకో. మూడో నంబరు, ఆ చిలకముక్కు చేప: ఒళ్ళంతా రామా గ్రీన్, బుగ్గ మీద ఉల్లిపొర రంగు. ఎరుపు కాస్త ఎక్కువైంది, తగ్గించు. ఐదు: మంచి కనకాంబరం రంగు, దాని మీద మూడు మీగడ రంగు పట్టీలు. ఏడో నంబరు వెనక "ఇది నీలమేనా?" అని రాశావు. నీలమే గాని, ఉతికి ఉతికి వెలిసిపోయిన స్కూలు యూనిఫాం లాగుంది. నీలం ఇంకొంచెం వెయ్యి. పదకొండు, పధ్నాలుగు కూడా అంతే. మిగతావన్నీ వేరే కాగితంలో రాశాను. కార్తీకం కదా, ఎండలోనూ మంచు పట్టినట్టుంటోంది, అందుకని రెండ్రోజులు పట్టింది.

వీటిని చూస్తూ ఉంటే గోల్డ్ మైన్ లైన్లలో మన ఇల్లు గుర్తొచ్చింది. కనపడిన ప్రతిదానికీ నా పావడా పట్టుకుని "అక్కా, ఇదే రంగు?" అని అడిగేవాడివి. సైనైడ్ దిబ్బల గురించి మాత్రం ఎప్పుడూ అడగలేదు. మిల్లు నుంచి వచ్చిన ఆ పొడి గుట్టలు అందరికీ ఒకే మాదిరి కనపడేవి, వాటి మీద ఎక్కి జారుతూ నువ్వు రోజంతా సంతోషంగా ఉండేవాడివి.

రైల్వే పరీక్ష కూడా గుర్తొచ్చింది. కళ్ళద్దాల అంగడిలో అడిగి రంగుచుక్కల్లో అంకెలు దాచిన ఆ బొమ్మల పుస్తకం ఒక్కరోజుకు తెచ్చి, మొదటి బొమ్మ పన్నెండు, రెండోది ఎనిమిది అని వరసగా నీకు బట్టీ పట్టించాను. అక్కడ డాక్టరు పుస్తకాన్ని వెనక నుంచి తెరిచాడు. నువ్వు గడగడా నా వరసే అప్పజెప్పావు. ఇంటికొచ్చి ఆ సంగతి చెబితే నాన్న నవ్వాపుకోలేకపోయాడు, కాసేపటికి అదే నవ్వులో ఏడ్చాడు. మైన్ మూతపడుతుందని ఆయనకప్పటికే తెలుసు. ఆ నెలే నువ్వు ఊరు వదిలావు. ఆ తెలివితక్కువ పని చేయించింది నేనేనని ఇన్నేళ్ళూ మనసులో ఉంది. ఈ పుస్తకం బాగా వస్తే ఆ బరువు దిగుతుంది. కాబట్టి ఎన్ని ప్రింట్లయినా పంపు.

నీ అక్క
శశి


హేవ్‌లాక్
20 డిసెంబర్

అక్కకు,

నువ్వు చెప్పినట్టే ఎరుపులు తగ్గించాను. చిలకముక్కు చేపను చూసి ప్రేమ మేడం "అచ్చం నీళ్ళలో చూసినట్టే ఉండాది" అని మెచ్చుకుంది. నీ పేరు చెప్పబోయి నాలుక కరుచుకున్నాను.

ఏడు, పదకొండు, పధ్నాలుగు మళ్ళీ పంపుతున్నాను, వాటితో పాటు ఇంకో పదహారు. నీలం పెంచాను. ఏడో చేపకు మొహం నలుపు, వీపు మీద పసుపుపచ్చ రెక్క, మిగతా ఒళ్ళంతా నీలం. ఇప్పుడు ఆ నీలం నా కంటికి గుచ్చుకుంటోంది. నా కంటి మాటకేం విలువలే, నువ్వు చూసి చెప్పు.

నాన్న ఇక్కడ రోజూ పనికొస్తున్నాడు అక్కా. నీళ్ళలో సన్నని ఇసుక తేలుతూ ఉంటుంది. కెమెరా నెత్తిన లైటు పెడితే ఆ ఇసుకంతా మెరిసి ఫోటో నిండా చుక్కలు పడతాయి. మొదటి ఏడాది నాకు ఒక్క ఫోటో కూడా సరిగ్గా రాలేదు. ఒకరోజు నాన్న మాట గుర్తొచ్చింది. అండర్‌గ్రౌండ్‌లో రాయి పేలిన తర్వాత దుమ్ము అణగక ముందే చూడాల్సి వస్తే ఏం చేస్తావని నేనడిగితే, "దీపం నెత్తిన ఉంటే దుమ్మే కనబడతాదప్పా. టోపీ నుంచి తీసి పక్కకి చాచి పట్టుకో, రాయి కనబడతాది" అన్నాడు. లైట్లు రెండూ చెరో పక్కకి దూరంగా జరిపాను. చుక్కలు పోయాయి. ఓనరు ఎవరు నేర్పారని అడిగితే మా నాన్న ఆంజనప్ప అని చెప్పాను. ఆయన ఏ సముద్రంలో పనిచేసేవారు అని అడిగాడు.

ఎంత ఇష్టమో అక్కా నాకీ పని. ఇది చేజారకూడదు.

నందీశ్


రాబర్ట్‌సన్‌పేట
11 జనవరి

నందీశ్‌కు,

ఆలస్యమైంది, ఏమీ అనుకోకు. షాపులో పని ఎక్కువగా ఉంది, మనుషులతో తలనొప్పి అంతకన్నా ఎక్కువగా ఉంది. ఈ కాలపు ఆడవాళ్ళకు రంగులే తెలియడం లేదు. రాయల్పాడు నుంచి ఒకామె నేవీ బ్లూ ముక్క అడిగి తీసుకుపోయి, మరుసటి వారం బస్సెక్కి వచ్చి నల్లది ఇచ్చావని కౌంటరు మీద పడేసింది. వారంలో ఇట్లాంటివాళ్ళు ముగ్గురు. సుమ మధ్యలో దూరి, "ఇంగ నేను చూస్తాలే అత్తా, నువ్వు కూసో" అంటుంది. నిన్న నీ చేపల్ని కూడా నేను చూస్తాననింది. నీ పని నీది, ఇది నాదీ నా తమ్మునిదీ అని కవరు లాక్కున్నాను. పాపం, మొహం చిన్నబుచ్చుకుంది.

ఏడో నంబరు ఇంకా చాలలేదు. పధ్నాలుగు బూడిద రంగులోనే ఉంది. భయపడకుండా నీలం వెయ్యరా, చేతులు ముడుచుకుంటావెందుకు? కొత్తవాటిలో ఇరవై, ఇరవై రెండు, ఇరవై ఆరు, వీటికీ నీలం పెంచు. ఎరుపులు ఎక్కడా ముట్టుకోవద్దు.

చిన్నప్పుడు చెప్పినమాట వినేవాడివి. ఇప్పుడూ విను.

శశి


హేవ్‌లాక్
27 ఫిబ్రవరి

అక్కకు,

ఈ ఉత్తరం రెండుసార్లు రాసి చింపేశాను.

పుస్తకానికి ముందు నమూనాగా పన్నెండు చేపలతో ఒక క్యాలెండరు అచ్చువేశారు. నువ్వు చెప్పినట్టు సరిచేసినవే. అది గోడకు తగిలించిన రోజే ఒక టూరిస్టు ఏడో చేప మీద వేలు పెట్టి అదే చూపించమన్నాడు. నీళ్ళలో దాని పక్కనే దిగి చూపించాను. పైకొచ్చి ఇది కాదు, మోసం, అని పడవలో గొడవ చేశాడు.

ప్రేమ మేడం క్యాలెండరు పట్టుకుని నా దగ్గరకొచ్చింది. "నందీశప్పా, ఈ నీలం యాడిది? నేనూ ఈ నీళ్ళలో దిగినాను, ఇట్లాంటి చేప నాకు కనబడలేదే. తెల్ల పట్టీలకు కూడా నీలం పూసినావు" అంది. ఏప్రిల్ ఆఖరుదాకా చూస్తుందట. అప్పటికీ ఇట్లాగే ఉంటే వేరేవాళ్ళ ఫోటోలతో పుస్తకం వేస్తుంది.

ఆమె ఒక మాట అంది. ఎరుపులన్నీ సరిగ్గా ఉన్నాయట, తప్పంతా నీలంలోనే ఉందట. అక్కా, రాయల్పాడు ఆమెకు నువ్వు ఇచ్చిన ముక్క ఏ రంగుది? నాకు కోపం లేదు. నిజం రాయి.

నందీశ్


రాబర్ట్‌సన్‌పేట
12 మార్చి

తమ్ముడూ,

ఆమెకు నేనిచ్చింది నల్లదే. సుమ గుమ్మంలో పెట్టి చూపించింది. ఆమెకూ సుమకూ రామాంజినప్పకూ అది నల్లగా కనపడింది. నాకు ఆ రెండు ముక్కలూ ఒకే మాదిరి ఉన్నాయి.

పోయినేడాది కళ్ళద్దాలకని కోలారు ఆస్పత్రికి పోతే, రెండు కళ్ళలోనూ పొర వచ్చింది, ఆపరేషన్ చేయాలి అన్నారు. ఎవరికీ చెప్పలేదు. కాగితం చీరల పెట్టెలో అడుగున దాచాను. మ్యాచింగ్ సెంటరు శశికి కళ్ళు పోయాయంట అని మార్కెట్లో ఒక్క మాట లేస్తే చాలు, నా గుమ్మం ఎవరు ఎక్కుతారు? అప్పటికింకా అంతగా తెలియలేదు. మెల్లగా మసక కమ్మింది, దానికే అలవాటు పడిపోయాను. ఎండ తగ్గింది, రంగుల సరుకు బాగా రావడం లేదు, మనుషులు మారిపోయారు, ఇట్లా ప్రతిదానికీ ఒక సాకు వెతుక్కున్నాను.

నీ ప్రింట్లు వచ్చినప్పుడే చెప్పాల్సింది. చెబితే నువ్వు ఇంకెవరినైనా చూసుకుంటావు, నాకు ఉత్తరాలు రావు అనిపించింది. ఊరు వదిలిన తర్వాత ఎనిమిదేళ్ళు నువ్వు ఒక్క కార్డు ముక్క రాయలేదు, గుర్తుందా? ఆ తర్వాత ఏడాదికి ఒకటి రాసేవాడివి. ఈ చేపలు వచ్చాక నెలకొకటి వస్తోంది. పోస్టుమ్యాన్ ఈ వీధిలో తిరిగితే చాలు, నేను కౌంటరు వదిలి బయటికి వచ్చి నిలబడతాను. ఆ ఆశతోనే నీ పని పాడుచేశాను.

మేడంకు నిజం చెప్పు. తప్పు మా అక్కదని చెప్పు.

శశి


హేవ్‌లాక్
25 మార్చి

అక్కా,

పుస్తకం సంగతి తర్వాత. కంట్లో పొర పెట్టుకుని ఏడాది కాగితం దాచావా? అంబరీష్‌కు ఫోన్ చేశాను, సుమతో కూడా మాట్లాడాను. వచ్చే వారం నిన్ను కోలారు తీసుకుపోతారు. ఈ ఒక్కసారి నువ్వు చెప్పినమాట విను.

నందీశ్


రాబర్ట్‌సన్‌పేట
29 ఏప్రిల్

నందీకి,

ముందు కుడికన్ను చేశారు. ఎడమది రెండు నెలల తర్వాత. నిన్నటినుంచి రాసుకోవచ్చన్నారు, మొదట నీకే రాస్తున్నాను.

కట్టు విప్పగానే ఎదురుగా సుమ నిలబడి ఉంది. ఆ పిల్ల కట్టుకున్న చీర చూసి కళ్ళు మూసుకున్నాను, అంత నీలం. ఆ చీర నా షాపులో నేనే ఎంచి ఇచ్చాను, బూడిద రంగని. ఇంటికొచ్చి కుడికన్ను మూసి చూస్తే గోడ మీగడ రంగు, ఎడమకన్ను మూసి చూస్తే తెలుపు. ఒక రోజంతా ఇట్లా ఒక్కో కన్నూ మార్చుకుంటూ ఇల్లంతా తిరిగాను. "అత్తా, కోతిలాగుండావు" అని సుమ ఒకటే నవ్వు.

నీకు చెప్పాల్సింది ఇది కాదు. మూడో రోజు చూపించుకోవడానికి పోయినప్పుడు నేత్ర అనే డాక్టరమ్మతో, నా కన్ను నాకొక్కదానికే కాదమ్మా, మా తమ్మునికి రంగులు తెలియవు, వానికీ ఇదే ఆధారం, అన్నాను. ఏ రంగులు తెలియవని ఆమె అడిగింది. ఎరుపూ పచ్చా కలిసిపోతాయి అన్నాను. "మరి నీలం?" అంది. నలభై ఏళ్ళలో ఆ ఒక్క ప్రశ్న నేను నిన్ను అడగలేదు.

"ఎరుపు, పచ్చ కలిసిపోయేవాళ్ళకు నీలం బాగా కనబడతాదమ్మా. మీ కంటి మీద పొర ఉన్నన్నాళ్ళూ మీకన్నా ఆయనకే బాగా కనబడింటాది" అంది ఆమె.

ఇంటికొచ్చి నీ ఉత్తరాలన్నీ బయటికి తీశాను. నీలం గుచ్చుకుంటోందని నువ్వు రాశావు. నువ్వు సరిగ్గానే చూశావురా. చూసి కూడా నీ కంటిని పక్కన పెట్టి నా మాట విన్నావు. నిన్ను అట్లా తయారుచేసింది ఎవరు?

నువ్వు రెండో తరగతిలో ఉన్నప్పుడు నాకు అమ్మ కొత్త పావడా కుట్టించింది. వీధిలో నా ఈడు పిల్లలు నలుగురు ఉన్నారు. నువ్వు పరిగెత్తుకుంటూ వచ్చి, "అక్కా, నీలం పావడా బాగుండాది" అన్నావు. నేను వాళ్ళ ముందు గొప్పకు పోయి, "వీనికి రంగులు తెలీవు, ఊరికే వాగతాడు" అన్నాను. అందరూ నవ్వారు. ఆ పావడా నీలమే. ఆ రోజు తర్వాత నువ్వు ఏ రంగు పేరూ నీ అంతట నువ్వు చెప్పలేదు, ప్రతిదీ నన్నే అడిగావు. నీకు దారి చూపిస్తున్నానని నేను మురిసిపోయాను. రైల్వే డాక్టరు తీసుకున్నది ఎరుపూ పచ్చా మాత్రమే. నీలం నీ దగ్గర్నుంచి తీసుకున్నది నేను.

తప్పయిందిరా నాయనా. ఎంత పెద్ద తప్పో ఇప్పుడు కనపడుతోంది.

నీ అక్క


హేవ్‌లాక్
18 మే

అక్కకు,

నీ ఉత్తరం వచ్చిన రోజు కంప్యూటర్ తెరవలేదు. కెమెరా కూడా తీసుకోకుండా నీళ్ళలో దిగాను. ఏడో నంబరు చేపల గుంపు ఎదురొచ్చింది, వందకు పైనే ఉంటాయి. వాటి మధ్య నిలబడి చాలాసేపు చూశాను. ముఖానికి అద్దం కట్టుకుని ఏడవడం కష్టం అక్కా, లోపలే నీళ్ళు నిండుతాయి.

పైకొచ్చి ప్రేమ మేడంకు అంతా చెప్పాను, రైల్వే పరీక్షతో సహా. గడువు దాటినా ఆమె ఇంకా వేరేవాళ్ళ ఫోటోలు తీసుకోలేదు. అంతా విని, "మొదటే చెప్పింటే అయిపోతా ఉండె కదప్పా" అంది. నేను నీలం పెంచక ముందటి ఫోటోలు ఉన్నాయా అని అడిగింది. ఉన్నాయి. తెరిచి ఒక్కొక్కటీ చూసింది. ఏ ఒక్క నీలం కూడా ముట్టుకోవద్దంది. పచ్చా ఎరుపూ ఉన్నవి ఇంకా పన్నెండున్నాయి, అవి మాత్రం రెండో కన్ను కూడా నయమయ్యాక మీ అక్కయ్యకే పంపు, అంది. ఈ సీజను దాటిపోయింది, పుస్తకం డిసెంబరుకు వస్తుందట. ఓనరు ఇంకా ఏమీ తేల్చలేదు, నేను సిలిండర్లు నింపుతూనే ఉన్నాను. ఇక్కడి వంటింట్లో పనివాళ్ళకు సంగతి తెలిసిపోయి, పొద్దున్నే టమాటా చూపించి "ఇదే రంగు?" అని అడుగుతున్నారు. మీ బుర్ర రంగు అంటున్నాను.

పావడా సంగతి నాకు గుర్తులేదు. ఉందని అబద్ధం చెప్పను, లేనందుకు నువ్వు తేలికపడాలనీ చెప్పడం లేదు. నువ్వు రాశాకే నాకు తెలిసింది, నేను ఎందుకు ఎప్పుడూ అడుగుతానో.

ఈ కవర్లో ఒక ఫోటో ఉంది. పుస్తకంలోది కాదు, నీ కోసం తీసింది. వెనక నంబరు వేయలేదు, ఏమీ అడగలేదు. ఇది నీలం అక్కా. ఊరికే చూడు.

నందీశ్